పిల్లల ఆస్తమా పరిశోధనలో నేనూ ఒకదాన్ని: నా అనుభవం

మా పాపకి ఆస్తమా. నేను డాక్టర్ని కాదు, చదువులో సైన్సు జోలికి కూడా వెళ్లలేదు. అయినా బడిలో పీల్చే గాలికీ పిల్లల ఆయాసానికీ ఉన్న సంబంధం తేల్చడానికి మొదలైన ఒక పరిశోధనలో, మొదటి మీటింగు నుంచి చివరి రిపోర్టు దాకా సభ్యురాలిగా కూర్చున్నాను. "అక్కడ మీకేం పని? మీ మాట నిజంగా వింటారా, ఫొటో కోసం పిలుస్తారా?" అని అడిగినవాళ్లు చాలామంది. అందరికీ విడివిడిగా చెప్పలేక ఒకచోట రాస్తున్నాను.

నన్ను పిలిచింది పాపని చూసే డాక్టరు గారే. "తల్లిదండ్రుల తరఫున ఇద్దరు కావాలమ్మా. ఫారాలు నింపడానికి కాదు, ఏం పరిశోధించాలో మాతో కూర్చుని తేల్చడానికి" అన్నారామె. అంతకుముందు ఆస్పత్రుల్లో ప్రశ్నపత్రాలు చాలానే నింపాను. ఆ జవాబులతో ఏం చేశారో తిరిగొచ్చి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే కాస్త అనుమానంగానే ఒప్పుకున్నాను.

మొదటి మీటింగులో బల్ల చుట్టూ ఎవరున్నారంటే: ఊపిరితిత్తుల డాక్టరు గారు, జనంలో జబ్బుల లెక్కలు చూసే ఎపిడెమియాలజిస్టు, గాలి కొలిచే సెన్సర్లు తయారుచేసే ఇంజినీరు, గణాంక నిపుణుడు, ఇంటర్వ్యూలు చేసే సామాజిక శాస్త్రవేత్త, ఆస్తమా నర్సు, ఒక బడి టీచరు, ఇంకో బాబు వాళ్ల నాన్న, నేను. ఎవరి భాష వాళ్లది. అరగంటలోనే నా తల తిరిగిపోయింది. సామాజిక శాస్త్రవేత్త గారు మొదట్లోనే ఒక నియమం పెట్టారు: అర్థం కాని మాట వస్తే ఎవరైనా చెయ్యి ఎత్తి ఆపేయొచ్చు. ముందుగా చెయ్యి ఎత్తింది మేం కాదు, ఇంజినీరు. డాక్టరు గారు వాడిన ఏదో మాట ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు నాకు సగం టెన్షన్ తగ్గింది. ఆ గదిలో తన రంగం దాటితే అందరూ నాలాంటివాళ్లే.

ఇంతమంది ఎందుకని మా రెండో పేరెంట్ సూటిగానే అడిగారు. ఎపిడెమియాలజిస్టు స్పెయిన్‌లోని బార్సిలోనా సంగతి చెప్పారు. 1980లలో ఆ ఊళ్లో కొన్ని రోజుల్లో ఉన్నట్టుండి పదులమంది ఆస్తమాతో ఎమర్జెన్సీకి పరుగెత్తుకొచ్చేవారు. మర్నాటికి అంతా మామూలే. ఆస్పత్రుల దగ్గర తేదీలు ఉన్నాయి కానీ కారణం లేదు. పేషెంట్లు ఎక్కడ జబ్బుపడ్డారో మ్యాపు మీద గుర్తులు పెడితే అవి రేవు చుట్టుపక్కలే కనిపించాయి. రేవు రికార్డులు తీస్తే, ఆ తేదీల్లో ఓడల నుంచి సోయా గింజలు దించినట్టు తేలింది. గాలి ఎటు వీచిందో వాతావరణ శాఖ లెక్కలు చెప్పాయి. పేషెంట్ల రక్తంలో సోయాకి వ్యతిరేకంగా యాంటీబాడీలు ల్యాబులో దొరికాయి. చివరికి చూస్తే, గింజలు నిల్వచేసే గోదాముకి దుమ్మును ఆపే ఫిల్టర్లు లేవు. ఫిల్టర్లు బిగించాక ఆ దాడులు ఆగిపోయాయి. 1989లో ఇదంతా వైద్య పత్రికలో అచ్చయింది. డాక్టర్లు ఎంత గొప్పవాళ్లైనా వాళ్ల దగ్గర ఓడల రికార్డులు ఉండవు కదా. ఈ ఒక్క ఉదాహరణతో మాకు విషయం అర్థమైంది.

అసలు గొడవ రెండో మీటింగులో. దేన్ని కొలవాలి? డాక్టరు గారు ఊపిరితిత్తుల సామర్థ్యం అన్నారు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి ఎంత అన్న లెక్క. యంత్రం ఇచ్చే అంకె కాబట్టి ఎవరూ కాదనలేరు. నేను ఆ అంకె వద్దనలేదు. "మా ఇంట్లో ఆస్తమా అంటే రాత్రి రెండింటికి దగ్గు. పాప నిద్రపోదు, నేను నిద్రపోను, పొద్దున బడి మానేస్తుంది. మీ యంత్రంలో అంకె బాగుండి రాత్రి దగ్గు తగ్గకపోతే నాకేం ఒరిగింది?" అన్నాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నర్సు మాత్రం తల ఊపారు. క్లినిక్‌లో తల్లులు ఆమెతో చెప్పుకునేది కూడా ఇదేనట.

తర్వాత తెలిసింది, ఈ గొడవ మా గదిలో పుట్టింది కాదని. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన మోకాలి అరుగుదల మీద జరిగిన పరిశోధనల్ని లెక్కేసింది. పరిశోధనలు ఎక్కువగా మందుల మీదా సర్జరీల మీదా ఉన్నాయి. పేషెంట్లని అడిగితే తమ జాగ్రత్త తాము తీసుకోవడం గురించీ, జబ్బు గురించి నేర్పించడం గురించీ ఇంకా తెలియాలన్నారు. కీళ్లవాతం పరిశోధకులు 2002లో తమ అంతర్జాతీయ సమావేశానికి పేషెంట్లని కూడా పిలిచారు. వాళ్లు వచ్చి, నొప్పీ వాపూ సరే, మమ్మల్ని తినేస్తున్నది నిస్సత్తువ, దాన్నెందుకు కొలవరు అని అడిగారు. కొన్నేళ్లలో నిస్సత్తువ కూడా కొలవాల్సిన వాటి జాబితాలో చేరింది. బ్రిటన్‌లో పేషెంట్లూ వైద్యులూ కలిసి పరిశోధనా ప్రశ్నల్ని ఎంచుకోవడానికి జేమ్స్ లిండ్ అలయన్స్ అని 2004లో మొదలైంది. దాని కింద మొట్టమొదట పూర్తయింది ఆస్తమా జాబితాయే, 2007లో. ఇన్‌హేలర్లూ స్టెరాయిడ్లూ ఏళ్ల తరబడి వాడితే వచ్చే దుష్ఫలితాలు ఏమిటన్న ప్రశ్న ఆ జాబితాలో పైన ఉంది. నాకు ఇది చదివి ఆశ్చర్యమేమీ కలగలేదు. ప్రతి తల్లికీ మందు రాసిచ్చిన రోజు నుంచి మనసులో నలిగే ప్రశ్నే అది.

గొడవ తీర్చింది గణాంక నిపుణుడు. ఈయన మితభాషి. నోరు తెరిస్తే మాత్రం అందరూ రాసుకునేవారు. "ఏదో ఒకటే ముఖ్యమైన కొలత అని ముందే రాసిపెట్టాలి. ఇరవై రకాలుగా కొలిచి, తేడా కనిపించినదాన్ని చూపిస్తామంటే కుదరదు. అసలు ప్రభావమే లేకపోయినా ఇరవైలో ఒకటి కాకతాళీయంగా నెగ్గుతుంది" అన్నారు. చివరికి దగ్గు, ఆయాసం లేకుండా గడిచిన రాత్రులూ పగళ్లూ ముఖ్యమైన కొలత అయ్యాయి. ఊపిరి అంకెలు, బడి మానేసిన రోజులు రెండో వరసలో నిలిచాయి. డాక్టరు గారికి ఇది పూర్తిగా నచ్చిందని చెప్పలేను. కానీ ప్రోటోకాల్‌లో, అంటే పరిశోధన ఎలా చెయ్యాలో ముందే రాసుకునే పత్రంలో, ఆ వాక్యం మారింది. మన మాట విన్నారా లేదా అన్నదానికి నా గుర్తు ఇదే: మీటింగులో ఎంత మర్యాదగా విన్నారన్నది కాదు, కాగితం మీద ఏ వాక్యం మారిందన్నది.

ఇంకో చిక్కు టీచరు గారు పట్టుకున్నారు. పథకం ప్రకారం కొన్ని బళ్లలో గాలి బాగుచేసే మార్పులు చేస్తారు, కొన్నింటిలో చెయ్యరు, రెండూ పోలుస్తారు. "మార్పు చెయ్యని బడి పిల్లల తల్లిదండ్రులకి నేనేం చెప్పాలి? మీ పిల్లలు పోల్చి చూడటానికే పనికొచ్చారని చెప్పాలా?" అని అడిగారావిడ. దానికి దారి ఉందని ఎపిడెమియాలజిస్టు చెప్పారు. అన్ని బళ్లకీ మార్పు వస్తుంది, కాకపోతే వంతులవారీగా. ఎవరి వంతు ఎప్పుడన్నది లాటరీ. వంతు రాని బడి, వచ్చిన బడితో పోలికకి పనికొస్తుంది. చివరికి ఎవరికీ అన్యాయం జరగదు. గాంబియాలో హెపటైటిస్-బి టీకాని 1980లలో ఇలాగే మెట్లుమెట్లుగా దేశమంతా ఇచ్చారట. టీకా ఒకేసారి అందరికీ అందించడం ఎలాగూ కుదరదు, ఆ ఆలస్యాన్నే పరిశోధనగా మలుచుకున్నారు. మేమూ ఆ పద్ధతే తీసుకున్నాం.

పరిశోధనలో ఎవరికీ అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ గురించి ఎక్కువ చెప్పను. కాగితాలు వెళ్లాయి, ప్రశ్నలతో తిరిగొచ్చాయి, మళ్లీ వెళ్లాయి. తల్లిదండ్రుల సమ్మతి ఒకటే చాలదు, పిల్లల్ని కూడా వాళ్ల వయసుకి తగ్గట్టు అడగాలి. పిల్లలు వద్దంటే వద్దు. పిల్లల కాగితం మొదటి ముసాయిదా చదివితే నాకే నిద్రొచ్చింది. మా పాపతో చదివించి, ఆగిపోయిన చోటల్లా కొట్టేశాం. నాలుగు పేజీలది ఒక పేజీకి దిగింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ప్రొఫెసర్లు జీతం మీద మీటింగుకి వస్తారు. రెండో పేరెంట్ రోజు కూలి మానుకుని వస్తారు. మా సమయానికి గౌరవ వేతనం గ్రాంటులో రాసే ఉంది. కానీ ఖాతాల విభాగం వాళ్లకి మేం ఏ గడిలోనూ ఇమడలేదు. ఉద్యోగులం కాదు, కన్సల్టెంట్లం కాదు, సరుకు అమ్మేవాళ్లం కాదు. ఇన్‌వాయిస్ ఇవ్వమన్నారు. అదెలా ఉంటుందో మాకు తెలియదు. డబ్బు చేతికొచ్చేసరికి రెండో పేరెంట్‌కి విసుగొచ్చి మానేద్దామనుకున్నారు. అందరూ కలిసి చేసే పరిశోధన అని గొప్పగా చెప్పుకునేవాళ్లు ముందు ఈ గడి ఒకటి సృష్టించుకుంటే బాగుంటుంది.

సెన్సర్ల దగ్గరికి వద్దాం. అరచేతిలో పట్టే పెట్టె. లోపల లేజర్ వెలుగు, చిన్న ఫ్యాను. గాలిలో నలుసులు ఆ వెలుగుకి అడ్డొచ్చి చెదరగొడతాయి, ఆ చెదిరిన వెలుగుని బట్టి నలుసులు ఎన్నో అంచనా కడుతుంది. ఇంజినీరు వాటిని ఎకాయెకి బడికి తేలేదు. కొన్నాళ్లపాటు ఒక పెద్ద ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి రెండింటి అంకెలూ పోల్చారు. గాలిలో తేమ ఎక్కువైతే నలుసులు నీళ్లు పట్టి ఉబ్బుతాయి, చిన్న పెట్టె వాటిని ఎక్కువగా చూపిస్తుంది. ఆ తేడా సరిచేసే లెక్క వేశాకే బిగింపు మొదలైంది. అన్నిటికన్నా సన్నని నలుసులు, రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్నవి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. వాటి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన పరిమితిని ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి దించింది.

పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర టీచరు గారికీ ఇంజినీరుకీ పేచీ. ఆయనకి ప్లగ్ పాయింట్ కావాలి, అది గోడకి పైన, ఫ్యాను స్విచ్చుల పక్కన ఉంది. "సార్, మా పిల్లలెవరూ అంత ఎత్తున ఊపిరి పీల్చరు" అన్నారావిడ. కూర్చున్న పిల్లల ముక్కు ఎత్తున, మధ్య వరస బెంచీ పక్కన పెట్టాలంటే నేల మీద వైరు. వైరుకి పిల్లలు తట్టుకుంటారు. చివరికి బ్యాటరీ ప్యాకుతో గోడ వారగా, బెంచీ ఎత్తున పెట్టారు. ఛార్జింగు బాధ్యత టీచరు గారి మీద పడింది. వాదనలో గెలిస్తే ఇలా పని కూడా మీద పడుతుంది.

కొన్ని వారాల అంకెలు గ్రాఫుగా స్క్రీన్ మీద వేశారు. పొద్దున బెల్లుకి కాస్త ముందు ఒక చిన్న గుట్ట, సాయంత్రం బడి వదిలే వేళ పెద్ద శిఖరం. సాయంత్రం శిఖరం సులువుగానే అర్థమైంది: గేటు ముందు ఇంజిన్లు ఆపకుండా నిలబడే బళ్లు. అందులో మా బండి కూడా ఉండేది. పొద్దున గుట్ట ఏమిటో ఎవరికీ తట్టలేదు. ట్రాఫిక్ అన్నారొకరు, ప్రార్థన అయ్యాక పిల్లల పరుగులు అన్నారొకరు. టీచరు గారు వెళ్లి ఆయమ్మని పిలుచుకొచ్చారు. ఆమె గ్రాఫు వైపు చూడను కూడా చూడలేదు. "ఆ టైముకి నేను గదులు ఊడుస్తానమ్మా. సాయంత్రం తాళాలేసేస్తారు కదా, పొద్దున పిల్లలు రాకముందే ఊడ్చెయ్యాలి. చీపురు పట్టుకుంటే సుద్దముక్కల పొడి, దుమ్ము అంతా లేస్తుంది. అది కిందికి దిగేలోపే పిల్లలు వచ్చేస్తారు" అన్నారు. అక్కడున్న చదువులన్నీ కలిపినా రాని జవాబు. ఇంజినీరు ఇంకో సంగతి చేర్చారు. ఊడిస్తే లేచేది ఎక్కువగా ముతక దుమ్ము, ఈ చిన్న పెట్టెలు దాన్ని సరిగా పట్టలేవు, అంటే అసలు గుట్ట గ్రాఫులో కనిపించేదానికన్నా పెద్దదే అయ్యుంటుంది. పెద్ద యంత్రం తెప్పించి కొలిస్తే ఆయన మాటే నిజమైంది.

అప్పటిదాకా ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. తర్వాతి మీటింగు నుంచి ఆమెని సభ్యురాలిగా పిలవాలని టీచరు గారు పట్టుబట్టారు, మీటింగు వేళ కూడా ఆమె పని ముగిశాకే పెట్టారు.

ఇంతవరకూ చదివినవాళ్లకి అన్నిటికీ కారణం దుమ్మే అనిపించొచ్చు. మాకూ అలాగే ఉండేది. డాక్టరు గారు ఇక్కడ గట్టిగా అడ్డుపడ్డారు. ఇంగ్లండులో 9 నుంచి 11 ఏళ్ల పిల్లల్ని గమనించి 1995లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, ఆస్తమా ముదిరిన సందర్భాల్లో 80 నుంచి 85 శాతం వాటిలో జలుబు వైరస్‌లు దొరికాయి. సెలవుల తర్వాత బళ్లు తెరవగానే ఆస్తమా కేసులు పెరగడానికి పెద్ద కారణం పిల్లలు ఒకరికొకరు అంటించుకునే జలుబే. జలుబు లెక్క రాయకుండా గాలి లెక్క ఒక్కటే రాస్తే, వైరస్ చేసిన పని దుమ్ము ఖాతాలో పడుతుంది. అందుకని ఇళ్లలో తల్లిదండ్రులు రోజూ నింపే డైరీలో జలుబు గడి కూడా చేరింది. డైరీలో ప్రశ్నలు కొత్తగా తయారుచెయ్యలేదు. ఐజాక్ అనే అంతర్జాతీయ అధ్యయనం ప్రశ్నల నుంచి చాలావరకు తీసుకున్నారు. అది 1998లో 56 దేశాల్లో 13, 14 ఏళ్ల పిల్లలు 4,63,801 మందిని ఒకే ప్రశ్నలతో పోల్చి చూపించింది. ఒక చోటికీ ఇంకో చోటికీ ఆస్తమా లక్షణాల్లో 20 రెట్లకు పైగా తేడా ఉందని తేలింది. అంత తేడా వంశపారంపర్యం ఒక్కదానివల్లే రాదు, చుట్టూ ఉన్న గాలీ బతుకూ కూడా చూడాల్సిందే అని అందరికీ అర్థమైంది అప్పుడే.

మా పనిలో అన్నిటికన్నా ఎక్కువ కాలం తిన్నది డేటా ఒప్పందం. ఆస్పత్రి రికార్డులు యూనివర్సిటీకి ఇవ్వాలి. పేర్లు తీసేసి ఇస్తే చాలు కదా అనుకున్నాను. చాలదట. 1990లలో అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు, పేర్లు తీసేసి బయటపెట్టిన ఆస్పత్రి డేటాలోంచి మసాచుసెట్స్ గవర్నరు రికార్డునే పట్టుకున్నారు. పుట్టినతేదీ, పిన్ కోడ్, ఆడా మగా అన్నవి ఓటర్ల జాబితాతో కలిపి చూస్తే చాలింది. మా బడుల్లో అయితే అంత కష్టం కూడా అక్కర్లేదు. ఫలానా తరగతిలో ఆస్తమా ఉన్న ఒకే ఒక అమ్మాయి అంటే అందరికీ తెలుస్తుంది. అందుకే ఐదుగురికన్నా తక్కువ మంది ఉన్న ఏ గడినీ రిపోర్టులో చూపకూడదని రాశాం. సామాజిక శాస్త్రవేత్త గారు ఇంకో వాక్యం పెట్టించారు: ఆస్తమా కోసం ఇచ్చిన డేటాని మరో పనికి వాడాలంటే మళ్లీ అడగాలి. అమెరికాలో హవసుపాయి తెగవాళ్లు మధుమేహం పరిశోధనకని రక్తం ఇస్తే, దాన్ని స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు పరిశోధనకీ, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారో తేల్చడానికీ వాడారు. కోర్టుకెక్కాక 2010లో యూనివర్సిటీ పరిహారం ఇచ్చి, మిగిలిన రక్తం నమూనాలు తిరిగిచ్చింది. వకీళ్ల చేతుల్లో ఆ ఒప్పందం అటూ ఇటూ తిరుగుతున్నంత కాలం తిట్టుకున్నాను. ఇది విన్నాక తిట్టుకోవడం తగ్గించాను, మానలేదు.

ఇంటర్వ్యూల్లో ఎవరూ ఊహించనిది బయటపడింది. పిల్లల ఇన్‌హేలర్లు చాలా బళ్లలో హెడ్మాస్టరు గదిలో బీరువాలో తాళం వేసి ఉంటాయి. తాళంచెవి ఉన్నవాళ్లు ఒక్కోసారి సెలవులో ఉంటారు. జేబులో పెట్టుకోనిచ్చిన చోట కూడా పెద్ద పిల్లలు స్నేహితుల ముందు తియ్యడానికి సిగ్గుపడతారు. ఆటల పీరియడుకి పది పదిహేను నిమిషాల ముందు పీల్చమని డాక్టరు చెప్పినవాళ్లు కూడా పీల్చరు, ఆయాసం వస్తే నీళ్లు తాగే వంకతో పక్కకెళ్లి కూర్చుంటారు. ఒక అబ్బాయి అయితే ఏడాదంతా కాలు నొప్పని చెప్పి ఆటలు తప్పించుకున్నాడు. వాళ్ల అమ్మకి కూడా తెలియదు. ఏ సెన్సరూ చెప్పేది కాదు ఇది. దీనికి గ్రాంటు కూడా అక్కర్లేదు. బీరువా తాళం తీయించి, ప్రతి తరగతి టీచరు సొరుగులో ఒక ఇన్‌హేలరు, దానికి తగిలించి మందు పీల్చే స్పేసరు గొట్టం పెట్టించి, వాడటం టీచర్లందరికీ నర్సు నేర్పించారు. పరిశోధన ముగిసేదాకా ఆగకుండా అన్ని బళ్లలో ఒకేసారి చేశాం. దానివల్ల మీ పోలిక కొంచెం చెడుతుంది కదా అని గణాంక నిపుణుణ్ని అడిగితే, "చెడనివ్వండి" అన్నారు.

లెక్కలు కట్టే దశలో గణాంక నిపుణుడు నాకు నేర్పిన ఒక సంగతి ఇప్పటికీ వార్తలు చదివేటప్పుడు పనికొస్తుంది. ఒక తరగతిలో 40 మంది పిల్లలుంటే అది 40 మంది సాక్ష్యం కాదు. అందరూ ఒకే గాలి పీలుస్తారు, ఒకే జలుబు పంచుకుంటారు. ఒకరి సంగతి తెలిస్తే పక్కవాళ్ల సంగతి కొంత తెలిసినట్టే. ఆ పోలిక చాలా స్వల్పంగా, ఐదు శాతం ఉందనుకున్నా, సూత్రం ప్రకారం 40 మంది కలిసి 13, 14 మందితో సమానం అవుతారు. అందుకే ఒకే బడిలో ఎక్కువమంది పిల్లల్ని తీసుకోవడం కన్నా, ఎక్కువ బళ్లు చేర్చుకోవడం మేలు. వేలమంది మీద పరిశోధన అని ఎవరైనా అంటే, ఎన్ని చోట్ల అని నేను ముందు అడిగేది అందుకే.

ఫలితాలు సినిమాలోలా రాలేదు. తడిగుడ్డతో తుడవడం, ఊడ్చే పని సాయంత్రానికి మార్చడం, గేటు దగ్గర ఇంజిన్లు ఆపించడం, ఇవన్నీ చేశాక తరగతి గాలి మెరుగైంది, అందులో సందేహం లేదు. దగ్గు లేని రాత్రులు పెరిగినట్టే కనిపించాయి, కానీ ఆ పెరుగుదల ఎంత అన్నదాంట్లో అంచనా వెడల్పుగా ఉంది, అంటే బాగా తక్కువా కావచ్చు, బాగా ఎక్కువా కావచ్చు. ఊపిరి అంకెల్లో తేడా తేలలేదు. రెండో పేరెంట్ నీరసపడిపోయారు. డాక్టరు గారు లాస్ ఏంజిలెస్ పిల్లల సంగతి చెప్పారు. అక్కడ 1993 నుంచి వేర్వేరు తరాల పిల్లల్ని గమనిస్తూ వచ్చారు. గాలి శుభ్రపడిన కొద్దీ పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా ఎదిగాయని 2015లో చూపించగలిగారు. ఇరవై ఏళ్ల పని. మనది ఒకటి రెండు బడి సంవత్సరాలది, అంత త్వరగా ఊపిరితిత్తుల అంకె మారుతుందని ఆశపడటం తగదన్నారు.

రిపోర్టులో ఏం రాయాలన్నదాని మీద కూడా వాదన జరిగింది. తేడా తేలలేదన్న వాక్యం వెనక పేజీలో పెడదామని ఒకరన్నారు. ఆయన పేరు చెప్పను. రెండో పేరెంటే వద్దన్నారు, ఒక సంగతి గుర్తుచేశారు. లండన్‌లో ఎల్లా అనే తొమ్మిదేళ్ల అమ్మాయి 2013లో ఆస్తమాతో పోయింది. తల్లి రోసమండ్ ఏళ్ల తరబడి పోరాడితే, స్టీఫెన్ హోల్గేట్ అనే ప్రొఫెసరు ఇంటి దగ్గరి గాలి అంకెలనీ ఆస్పత్రి రికార్డునీ పక్కపక్కన పెట్టి చూపించారు. 2020లో రెండో విచారణలో ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని తీర్పు వచ్చింది. "ఆ తల్లి గెలిచింది అంకెలు గట్టిగా ఉండబట్టే. మనం బలహీనమైన అంకెని బలమైనదని చెబితే రేపు బలమైనది చూపించినా ఎవరు నమ్ముతారు?" అని అడిగారాయన. వాక్యం మొదటి పేజీలోనే ఉంది.

బళ్ల అధికారులకి రిపోర్టు ఇచ్చిన రోజు వాళ్లు అడిగింది ఒకటే: ఖర్చెంత? ఊడ్చే వేళ మార్చడానికీ ఇంజిన్లు ఆపించడానికీ దాదాపు ఏమీ ఖర్చు లేదని చెప్పగానే ఆ రెండూ ఒప్పుకున్నారు. వెంటిలేషన్ మార్పుల ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది.

అదే సమావేశంలో ఆయమ్మ చివర్లో లేచారు. "పిల్లల సంగతి బాగుంది. తడిగుడ్డతో తుడవమన్నారు, తుడుస్తున్నాను. ఆ బకెట్లో పోసే మందు ఘాటుకి నాకు దగ్గొస్తోంది. నా దగ్గు ఎవరు కొలుస్తారు?" అని అడిగారు. డాక్టరు గారు నవ్వలేదు, నోట్సు తీశారు. 2018లో యూరప్‌లో 6,235 మందిని 20 ఏళ్లు గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఇంట్లో గానీ ఉద్యోగంగా గానీ శుభ్రం చేసే పని చేసే ఆడవాళ్లలో ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతా ఆడవాళ్లకన్నా వేగంగా తగ్గినట్టు అందులో తేలింది. అంటే ఆమె అడిగింది గాలివాటు ప్రశ్న కాదు.

ఇప్పుడు రెండో దశకి రాస్తున్న గ్రాంటు దరఖాస్తు ఆ ప్రశ్న మీదే: బడులు శుభ్రం చేసేవాళ్ల ఊపిరి, వాళ్లు వాడే ద్రావణాలు, వాటికి బదులు ఏం వాడొచ్చు. రసాయన శాస్త్రం వాళ్లు ఒకరు కొత్తగా చేరారు. ఏం కొలవాలో తేల్చే మీటింగులో ఈసారి ముందు మాట్లాడేది ఆయమ్మే, ఆమెతోపాటు ఇంకో రెండు బళ్ల ఆయమ్మలు వస్తున్నారు. వాళ్లకి ఇన్‌వాయిస్ లేకుండా డబ్బు ఎలా ఇవ్వాలో ఖాతాల విభాగంతో నేను ఇప్పటి నుంచే మాట్లాడుతున్నాను.